కాసులమ్మ ముందుగుక్క

భాద్రపద శుద్ధ దశమి

మా మేనత్త కాసులమ్మ గొంతును దొంగిలించారు. దొంగిలించింది మెరక ఆరోగ్య మండలి. దొంగిలించమని ఆజ్ఞ వేసింది మండలి చైర్మన్ దివాకరం. "పైవాళ్ళు", "కొందరు పెద్దలు" అని నీళ్ళు నమిలే అలవాటు నాకు లేదు. చేసినవాడికి పేరుంది, కుర్చీ ఉంది, ఆ కుర్చీ కింద తడి తగలని నేల ఉంది.

దీన్ని గుర్రపుడెక్క కాగితం మీద, దీపం మసితో చేసిన సిరాతో రాస్తున్నాను. ఒక ప్రతి తాగునీళ్ళ తొట్టె ఉన్న మా నీళ్ళ పంటు గోడకు అంటిస్తాను. మిగతావి కింది రేవులకు వెళ్ళే పడవల్లో పంపుతాను. అందరికీ తెలిసిందే మళ్ళీ రాసిందని మా పేటవాళ్ళు విసుక్కోవద్దు. కింది రేవులవాళ్ళకు కాసులమ్మ ఎవరో తెలియదు.

కాసులమ్మ మా పంట్లపేటకు ముందుగుక్క మనిషి. సముద్రం లంకల్ని మింగేశాక, మునిగిన సెల్ టవర్ల కొసలకు నీళ్ళ మీద తేలే ఇనుప పంట్లు కట్టుకుని మా తాతలు బతకడం మొదలుపెట్టారు. ఏ నీళ్ళు తాగితే బతుకుతారో, ఏవి తాగితే చస్తారో అప్పట్లో తెలిసేది కాదట. ఆ భయంలోంచి పుట్టిన ఆచారం ఇది. నీళ్ళు గానీ, తిండి గానీ, మందు గానీ ఇచ్చే మనిషి ముందు ఒక గుక్క తాగాలి. ఊరంతటికీ పంచేదైతే ముందుగుక్క మనిషి తాగాలి. తాగి, "నా గొంతు దిగింది, మీ గొంతు దిగొచ్చు" అనాలి. అది విన్నాకే బిందెలు ముందుకు జరుగుతాయి. మా అత్త పెళ్ళైన ఏడాది నుంచీ రోజూ పొద్దున్నే ఇత్తడి చెంబుతో ఆ గుక్క తాగింది. ఆ మాట అంది.

కిందటేడు ఎర్రజ్వరం వచ్చినప్పుడు మండలి మమ్మల్ని మందు వేసుకోమంది. మావాళ్ళు బెదిరారు. బెదిరినవాణ్ణి కూర్చోబెట్టి చెప్పాలి, అడిగిందానికి జవాబివ్వాలి, పదిసార్లు అడిగితే పదిసార్లూ ఇవ్వాలి. మండలికి అంత తీరిక లేకపోయింది. మాకు పంపే మంచినీళ్ళలో మందు కలిపేసింది. ఎవరికీ చెప్పలేదు. మా అత్తకూ చెప్పలేదు. ఆమె రోజూ ఆ నీళ్ళే తాగి, రోజూ ఆ మాటే అని, మా అందరి చేతా తాగించింది.

ఎర్రజ్వరం పోయింది. ఆ మాట దాచను. నిజమే, పోయింది.

ఈ ఉగాదినాడు మండలివారి గాలిచిలకలు వచ్చాయి. ఎగిరే చిన్న యంత్రాలు. గట్టినేల మీది మెరకవాళ్ళు మాతో మాట్లాడాలంటే వాటినే పంపుతారు. తేనె పూసిన గొంతుతో చెప్పాయి: "ప్రియమైన జలవాసులారా, మీరు తాగిన నీళ్ళలోనే మందు ఉంది. ఎవరికీ ఏ హానీ జరగలేదు. అభినందనలు." మేము చప్పట్లు కొడతామనుకున్నారు. మా అత్త అప్పుడు చెంబు తోముతోంది. తోమడం పూర్తిచేసింది. కడిగింది. చూరులో బోర్లించింది. ఆ చెంబు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇప్పుడు పట్టుజ్వరం వస్తోంది. కింది రేవుల్లో మీరు చూసే ఉంటారు. ముందు ఒళ్ళు కాలుతుంది, తర్వాత గొంతు పట్టేస్తుంది, చివరికి గుటక పడదు. చిన్నపిల్లల్ని ముందు తీసుకుంటుంది. రాకముందే నాలుక మీద ఒక చుక్క మందు వేసుకుంటే రాదు. వచ్చాక వేసుకుంటే పనిచేయదు. మండలి పడవ ఆ మందు పెట్టెలు తెచ్చి దించింది. ఒక్క పెట్టె మూత కూడా తెరవలేదు ఎవరూ.

చుక్క మంచిదే. ఒంటికి శత్రువు బొమ్మను ముందే చూపించి పెట్టడం అది. మా నాన్న వలకు చిక్కిన రేకుపెట్టెలోని కరపత్రాలు నేను అట్టలు ఊడిపోయేదాకా చదివాను. వాటిలో ఒకదాంట్లో ఉంది: "అడగకుండా చేసిన మేలు సగం దొంగతనం." మందు మంచిదైతే దొంగతనం ఎందుకు చేశావు దివాకరం? మంచిదాన్ని దొంగచేత్తో పెడితే, చూసినవాడు ఏమనుకుంటాడు?


శుద్ధ త్రయోదశి

పంటు అడుగున ఊరిన నీళ్ళు తోడిపోశాను. మోకులకు పట్టిన నాచు గీకాను. కుళాయిలు తిప్పాను. ఉగాది గొడవ తర్వాత నీళ్ళ తొట్టె తాళం మండలి చేతుల్లోంచి లాక్కున్నాం. ఇప్పుడది నా మెళ్ళో ఉంటుంది. వాళ్ళ పడవ నీళ్ళు తెచ్చి పోస్తుంది. మూత తీసేది, వేసేది నేను.

మొన్న ఒక పెట్టె నేనే పగలగొట్టి, అందరూ బిందెలతో నిలబడి ఉండగా చుక్క వేసుకున్నాను. సాయంత్రం దాకా నీళ్ళ పంటు మీదే ఉన్నాను. నా దగ్గరకు ఒక్కరూ రాలేదు. వలలు బాగుచేసే చినబ్బులు తాత మాత్రం పడవ ఆపి, నాకు వినబడేలా పక్కవాడితో అన్నాడు: "దానికి కోపవేగానీ గొంతెక్కడుందిరా."

చుక్క వేసుకున్నవాడి వలకు చేప రాదని ఒక పుకారు నడుస్తోంది. మందు వాసన చెమటలోంచి నీళ్ళలోకి దిగుతుందట, చేపలు పసిగడతాయట. నిన్న పొద్దున్న నేనే వల వేశాను. గంపెడు కట్టిచేపలు పడ్డాయి. గంప నెత్తిన పెట్టుకుని పంట్ల వరసలన్నీ తిరిగాను, చూడండి, ముట్టుకోండి అని. తాత ఒక చేపను తోక పట్టుకుని ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పాపం, ఈటికింకా కబురందలేదే నూకీ."

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. పడవెక్కాక ఏడుపొచ్చింది.

ఆ పడవలోనే మెరకకు వెళ్ళాను. మండలి ఆఫీసు గుట్ట మీద ఉంది. నేల కదలదు కాబట్టి గోడ పట్టుకుని నడిచాను. చైర్మన్ దివాకరం నన్ను చూసి ముఖం చిట్లించలేదు, మంచినీళ్ళు తెప్పించాడు. తెచ్చిన మనిషి ముందు తాగలేదు. నేను ముట్టుకోలేదు. అది ఆయన గమనించలేదు, పక్కన నిలబడ్డ డాక్టర్ శమంత గమనించింది. మా పేటకు చుక్కల పెట్టెలు తెచ్చేది ఆవిడే.

జరిగిన తప్పు మీ నోటితో ఒప్పుకోండి అన్నాను. ఒప్పుకుంటే ప్రజల్లో ఉన్న నమ్మకం దెబ్బతింటుందన్నాడు. ఏ నమ్మకం అన్నాను. ఆయన, అది కాక ఇంకేం కావాలో చెప్పమన్నాడు. మీరు మా పంటు మీదకు వచ్చి, మా అందరి ముందు, అదే పెట్టెలోంచి చుక్క వేసుకోండి, మా మాట అనండి అన్నాను.

"అంతేనా?" అన్నాడు.

"అంతే" అన్నాను.

పౌర్ణమి పోటుకు వస్తానన్నాడు. తిరిగొచ్చేటప్పుడు పడవ వేగంగా నడిచినట్టనిపించింది.


భాద్రపద పౌర్ణమి

దివాకరం వచ్చాడు. తిరునాళ్ళకు కూడా అంతమంది రారు. మూడు వరసల పడవలు నీళ్ళ పంటును చుట్టుకుని నిలబడ్డాయి. మా లోవ వదిన, అంటే అన్న భార్య, కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. మా అన్న లోతు వేటకు వెళ్ళాడు, కార్తీకం దాకా రాడు. మేనత్త నీళ్ళ పంటు దాకా రాలేదు గానీ, మా ఇంటి పంటు అంచున గుంజ పట్టుకుని నిలబడింది. అది చాలనుకున్నాను.

గాలిచిలకలు ముందే వచ్చి "ప్రియమైన జలవాసులారా" అన్నాయి. మా మేనకోడలు గౌరి దానికి ఎప్పుడూ ఇచ్చే జవాబే ఇచ్చింది: "ఆయ్!" ఆ యంత్రం తననే పిలుస్తోందని దాని నమ్మకం. పిలిచినప్పుడు పలక్కపోతే తప్పని వాళ్ళమ్మ నేర్పింది మరి. అందరూ నవ్వారు. దివాకరం కూడా నవ్వాడు.

పెట్టె మాచేతే తెరిపించాడు. సీసా మాచేతే తీయించాడు. నోరు తెరిచి చుక్క వేసుకుని, డాక్టరమ్మ నేర్పినట్టుంది, తప్పులేకుండా అన్నాడు: "నా గొంతు దిగింది, మీ గొంతు దిగొచ్చు." అప్పుడు మా వదిన గౌరిని పైకి ఎగదోసుకుని ఒక అడుగు ముందుకు వేసింది. ఒకే అడుగు. నేను చూశాను. నా కళ్ళతో చూశాను.

మండలి పడవ కూత వేసింది. పోటు తిరిగి ఆటు మొదలైతే దారిలో ఇసుకమేట తేలుతుంది, పెద్ద పడవ దాటలేదు. దివాకరం అందరికీ దండం పెట్టి, చకచకా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

కింది రేవులవాళ్ళకు ఇప్పుడు రాస్తున్నాను, మొదటే రాయాల్సింది. ముందుగుక్క తాగినవాళ్ళు లేచి వెళ్ళకూడదు. నిండు పోటులో తాగితే ఆటు అయ్యేదాకా, నీళ్ళు పూర్తిగా తీసేదాకా, అక్కడే అందరి కళ్ళముందు కూర్చోవాలి. చెడు నీళ్ళు ఆలోపే బయటపడతాయి. తాగడం కాదు గుక్కంటే, కూర్చోవడం. మా అత్త రోజూ కూర్చునేది. వలలు అల్లుతూనో, బియ్యం ఏరుతూనో. పాలు మరిచిన పిల్లకు కూడా మా పేటలో ఇది తెలుసు. అందుకే చెప్పాలని నాకు తోచలేదు. ఊపిరి తీసుకున్నాక వదలమని ఎవరికైనా చెబుతామా? ఈ రాతలో కూడా, చూడండి, ఇంతవరకూ రాయలేదు.

అంతేనా అని అడిగాడు. అంతే అన్నాను.

నేను అంచు దాకా పరిగెత్తి, ఆగమని, దిగమని, కూర్చోమని గొంతు చించుకుని అరిచాను. ఇంజను చప్పుడులో ఆయనకు వినబడలేదు. వీడ్కోలు చెబుతున్నాననుకుని చెయ్యి ఊపాడు.

"గుక్కేసి పారిపోయినోణ్ణి ఇయ్యాలే సూసేను" అన్నాడు చినబ్బులు తాత. ఈసారి ఎవరూ నవ్వలేదు. వదిన వెనక్కి తిరిగి పడవలో కూర్చుంది. మా పంటు అంచున ఎవరూ లేరు.


బహుళ తదియ

పడమటి వరసలో ఇద్దరు పిల్లలు పోయారు. పట్టుజ్వరమే. కానీ పేటలో చెప్పుకునేది వేరు: చైర్మన్ వచ్చి వెళ్ళాకే కదా వచ్చింది? తాగిన చుక్క మన నీళ్ళలో ఉమ్మేసి పోయాడట. ఎవరు చూశారని అడిగితే, మనల్ని చూడనివ్వకుండా వెళ్ళిపోయాడు కాబట్టే అనుమానమంటున్నారు. కూర్చుని ఉంటే అందరూ చూసేవాళ్ళు.

మధ్యాహ్నం డాక్టర్ శమంత ఒక్కతే చిన్న పడవలో వచ్చింది. పడమటి వరసకు వెళ్ళి వస్తోంది. ఒక పిల్లవాడు ఆవిడ చేతుల్లోనే పోయాడు. నీళ్ళ పంటు మీద నా పక్కన కూలబడింది. కూర్చోవడం సంగతి ఆవిడకు చెప్పాను.

"ఇంత చిన్న విషయం" అంది.

చిన్నది కాదన్నాను. మరి నువ్వెందుకు చెప్పలేదని అడగలేదు. అడిగుంటే బాగుండేది.

తర్వాత సంచిలోంచి ఒక పెద్ద సీసా తీసి మా ఇద్దరి మధ్యా పెట్టింది. ఎండకు అందులో మందు లేతనీలంగా మెరుస్తోంది. ఆవిడ నా మెళ్ళో తాళంచెవిని చూస్తూ మాట్లాడింది.

"నూకరత్నం, ఇది తొట్టెలో పోస్తే పేటంతటికీ సరిపోతుంది. నువ్వేమీ చెయ్యక్కర్లేదు. మూత తీసి పక్కకు తిరుగు, చాలు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఉగాదినాడు చిలకల చేత పలికించింది చాలలేదా, మళ్ళీ ఏ ఉగాదికి పలికిస్తారు అని అరిచాను. మా అత్త గొంతు చాలక ఇప్పుడు నా మెడ కావాలా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆవిడ అన్నీ వింది.

"పిల్లలు బతికుంటే ఏ ఉగాదికైనా తిట్టండి. పడతాను."

ఆ మాటకు జవాబు నా కరపత్రాల్లో ఎక్కడా లేదు. తాళంచెవి చేత్తో పట్టుకుని కూర్చున్నాను. పక్కకు తిరగడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. నీళ్ళు ఎటు చూసినా ఒకేలా ఉంటాయి.

మూత తీయలేదు. తీస్తే పిల్లలు బతుకుతారేమో. కానీ ఆ రోజు తర్వాత ఈ పేటలో ఎవరూ ఎవరి చేతి నీళ్ళూ తాగరు. తర్వాత జ్వరం ఒకటి వస్తుంది, ఆ తర్వాత ఇంకొకటి వస్తుంది. అదే చెప్పాను.

శమంత పెద్ద సీసా సంచిలో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ చిన్న సీసా ఒకటి నా చేతిలో పెట్టింది. ఒక్క చుక్క. "మీ మేనకోడలికి. అడిగే వెయ్యి" అంది.


బహుళ షష్ఠి

అడిగాను.

వదిన పొయ్యి దగ్గర గౌరికి జావ పడుతోంది. సీసా చూపించాను. నేను వేసుకుని ఇన్నాళ్ళైంది, నాకేమైందో చూడమన్నాను. చేపలు కూడా పడుతున్నాయని చెప్పాను. వదిన కోప్పడలేదు. కోప్పడితే నాకు తేలిక. కోపానికి కోపంతో జవాబివ్వడం వచ్చు.

"జరవొత్తే జరం సేసిందంటారు, దేవుడు సేసేడంటారు. సుక్కేసేక దీనికేటైనా అయితే సేసింది నేనే అవుతాను నూకీ. కార్తీకానికి మీ అన్నొచ్చి నా పిల్లేదే అంటే ఏటి సెప్పను? నా సేత్తో ఏసేనని సెప్పనా?"

వెయ్యకుండా ఏదైనా అయితే ఏం చెబుతావని అడగబోయాను. గౌరి నా మొహంలోకి చూస్తోంది. అడగలేకపోయాను.

"అత్త గుక్కేసి కూకుంటే ఏత్తాను" అంది వదిన. "ఆవిడ కూకుంటే నేనొక్కదాన్నే కాదు కదా."

అత్త దగ్గరకు వెళ్ళాను. గుంజకు ఆనుకుని తాడు పేనుతోంది. చుక్క మంచిదని చెప్పాను, తెలుసు అంది. పిల్లలు పోతున్నారన్నాను, వింటున్నాను అంది. మరి ఎందుకన్నాను. తాడు పేనడం ఆపలేదు.

"నేను తాగితే ఆళ్ళు తాగుతారని మండలోళ్ళకి తెలుసు. అందుకే నన్ను దారి సేసుకున్నారు. ఓ మాట సెప్పి తాగించుంటే తాగేదాన్నే. అడగలేదు. ఇప్పుడు నేను తాగేనంటే, అడక్కపోయినా ఈ ముసిల్ది మళ్ళీ వత్తాది అని ఆళ్ళకి తెలిసిపోద్ది. నా గొంతు మళ్ళీ దారి కానివ్వను."

నువ్వు తాగక గౌరి పోతే, అన్నాను. ఆ మాట అన్నాను. ఆమె పేనడం ఆగింది. నన్ను చూడలేదు. మళ్ళీ మొదలైంది.

సాయంత్రం వదిన చేపలు ఎండబెట్టడానికి వెళ్తూ గౌరిని నాకు అప్పగించింది. జావ గిన్నె నా చేతిలో ఉంది. సీసా నా కొంగుముడిలో ఉంది. గౌరి నోరు తెరిచి కూర్చుంది, పిచ్చుకపిల్లలాగ. ఇంట్లో మేమిద్దరమే.

ఉత్త జావే పట్టాను. మొదటి గుక్క నేను తాగి ఆ మాట అన్నాను, ఆచారం కదా. అది చప్పట్లు కొట్టి, దానికి తెలిసినట్టుగా నా మాట నాకే అప్పగించింది: "నీ గొంతు దిగింది, నా గొంతు దిగొచ్చు."


బహుళ ఏకాదశి

గౌరి నిన్న పోయింది.

ఒళ్ళు కాలినప్పుడే మాకు తెలిసింది. డాక్టర్ శమంత వచ్చి, చెయ్యగలిగినవి చేసి, చుక్క ఇప్పుడు పనికిరాదని చెప్పింది. వదిన నమ్మలేదు. నా కొంగుముడి తనే విప్పి సీసా తీసి దాని నాలుక మీద వేసింది. అది దిగలేదు. పెదవి చివర్లోంచి జారిపోయింది.

నీళ్ళు అడిగింది. అత్త ఒళ్ళో పెట్టుకుని ఉగ్గుగిన్నెతో పోసింది. ముందు తను ఒక గుక్క తాగి పోసింది. దిగలేదు. మళ్ళీ తాగి మళ్ళీ పోసింది. అత్త గొంతు దిగిన నీళ్ళు దాని గొంతు దిగలేదు. పొద్దు పోయేదాకా అలా తాగుతూ, పోస్తూ కూర్చుంది. మేం ఎవరమూ ఆపలేదు.

చాపలో చుట్టి పడవలో పెట్టేముందు, వదిన నన్ను పక్కకు పిలిచింది. ఏడుపు లేదు. మామూలుగా అడిగింది, ఉప్పెక్కడ పెట్టావని అడిగినట్టు.

"ఆయాల నీకప్పగించే ఎల్లేను కదే. నీ కాడ సుక్కుంది. దొంగతనంగా ఏసెయ్యొచ్చు కదా. ఎందుకెయ్యలేదు?"

నాకు చదువుంది, కరపత్రాలున్నాయి, కోపం ఉంది. వేసి ఉంటే మండలికీ నాకూ తేడా ఏమిటని ఆమెతో అనగలనా? ఎవరు అనగలరు?

ఇవాళ మధ్యాహ్నం గాలిచిలక వచ్చింది. మా పంటు మీద ఆగి, "ప్రియమైన జలవాసులారా" అంది. ఆగింది. దాని మాటకీ మాటకీ మధ్య అంత ఎడం ఉంటుందని ఇంతకాలం నాకు తెలియదు. ఎవరూ పలకలేదు.


బహుళ చతుర్దశి

మేనత్త చూరులోంచి చెంబు దించింది. పట్టిన చిలుమును చింతపండు పెట్టి తోమింది. చేతికందినదాన్నల్లా తోముతోందనుకుని మేము పట్టించుకోలేదు. తోమడం అయ్యాక చెంబు చంకలో పెట్టుకుని, నన్ను పడవ తియ్యమంది. పడమటి వరసలో రోగుల దగ్గరున్న డాక్టర్ శమంత దగ్గరకు తీసుకెళ్ళమంది.

వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి. అత్త కుశలం అడగలేదు.

"కిందటేడు నీల్లలో కలిపినోళ్ళలో నువ్వున్నావా?"

శమంత నా వైపు చూసింది. నేను సాయం చెయ్యలేదు.

"ఉన్నానండి. కలిపిన చేతుల్లో నావీ ఉన్నాయి. మేలే చేస్తున్నాననుకున్నాను."

"మేలే సేసేవు. అడిగి సెయ్యలేదు. ఆ ముక్క అందరి ముందూ అంటావా?"

అంటానంది. మండలి ఒప్పుకోదని నేను అందుకున్నాను. తను ముందే అడిగానని, ఒప్పుకోలేదని, ఆ మాట అంటే ఇక మెరకకు రావద్దని చైర్మన్ చిలకతో కబురు పంపాడని శమంత చెప్పింది. అప్పుడు చూశాను, ఆవిడ పక్కన రెండు సంచులున్నాయి. ఒకటి మందులది. రెండోది బట్టలది.

అత్త ఆ సంచుల్ని చూసి తలాడించింది.

"ముందు నీ గొంతులోంచి మాట పైకి రావాల. తర్వాత నా గొంతులోకి సుక్క దిగుద్ది. తాగి, ఇద్దరం కూకుందాం. ఆటయ్యేదాకా."

ఇది గెలుపు అని నేను రాయను. దివాకరం తప్పు ఒప్పుకోలేదు, ఒప్పుకోడు కూడా. దొంగ గుట్ట మీదే ఉన్నాడు. కింద కూర్చునేది ఆజ్ఞ మోసినావిడ, ఆ ఆజ్ఞకు దారైనావిడ. గౌరికి ఇది పనికిరాదు. పడమటి వరసలో పోయిన పిల్లలకూ పనికిరాదు. కరపత్రంలోని మాట కూడా తప్పే. అడగకుండా చేసిన మేలు సగం కాదు, మొత్తం దొంగతనమే. మేలుగా మిగిలిందనుకున్న సగమూ ఇప్పుడు పోయింది. ఒక జ్వరం ఆలస్యంగా వచ్చి పట్టుకెళ్ళింది.

పేటవాళ్ళారా, కింది రేవులవాళ్ళారా, రేపు అమావాస్య. పెద్దపోటు. పొద్దున్న తొమ్మిది గంటలకు నీళ్ళు నిండుతాయి. ఆ వేళకు మా నీళ్ళ పంటు దగ్గరకు రండి. చుక్క వేసుకోమని పిలవడం లేదు. నమ్మమనీ పిలవడం లేదు. నమ్మకం పిలిస్తే రాదు. ఏం జరిగిందో చేసినావిడ నోటితో వినండి. ఏది అడగాలనుంటే అది అడగండి, పదిసార్లు అడగండి, ఆవిడ ఎక్కడికీ వెళ్ళదు, వెళ్ళడానికి ఆవిడకు చోటు లేదు. తర్వాత కాసులమ్మ తాగుతుంది. తాగి కూర్చుంటుంది. మీరూ కూర్చోండి. ఆమెను కళ్ళారా చూడండి. నీళ్ళు పూర్తిగా తీశాక, ఎవరి పిల్లల సంగతి వాళ్ళు తేల్చుకోండి.

మా లోవ వదిన వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు. ఇందాక నేను పడవలో సామాను సర్దుతుంటే, లోపలికి వెళ్ళి ఒక చిన్న చాప తెచ్చి నా చేతిలో పెట్టింది. అంచులకు ఎర్రగుడ్డ కుట్టి ఉంది. గౌరి పడుకునే చాప.

"అత్తకెయ్యి. ఆ పంటు ఇనుం కాలిపోద్ది" అంది.

రేపు తొమ్మిది గంటలకు. ఆటు అయ్యేదాకా. కూర్చోవడానికి ఏదైనా తెచ్చుకోండి.